టెక్సాస్‌లో హెంప్ చిల్లర అమ్మకాల నియంత్రణ

హెంప్ అనగానే జనపనార గుర్తొస్తే పొరపాటు. అది వేరే మొక్క. హెంప్, గంజాయి ఒకే మొక్క. మత్తునిచ్చే టీహెచ్‌సీ పాలును బట్టి చట్టం దానికి రెండు పేర్లు పెట్టింది. 2018 డిసెంబరు నాటి అమెరికా ఫార్మ్ బిల్లు ప్రకారం, పొడి బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటకపోతే హెంప్, దాటితే గంజాయి. టెక్సాస్ ఇదే కొలతను హెచ్‌బీ 1325 చట్టంలో పెట్టుకుంది. గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ 2019 జూన్ 10న దానిపై సంతకం చేశారు. సాగు వ్యవసాయ శాఖ చేతికి, తినే సరుకుల తయారీ, అమ్మకం ఆరోగ్య శాఖ చేతికి వెళ్లాయి. అప్పట్లో ఒక్కో కొట్టుకు ఏటా 150 డాలర్లు కట్టి నమోదు చేయించుకుంటే అమ్ముకునే వీలుండేది. కొనేవాళ్ల వయసు ఊసు చట్టంలో లేదు.

తిరకాసంతా కొలతలోనే ఉంది. ఎండిన ఆకులో 0.3 శాతం అంటే లెక్కలోకి రానంత. అదే పాలు 10 గ్రాముల గమ్మీ బిళ్లకు కడితే 30 మిల్లీగ్రాములు తేలుతుంది. గంజాయిని బాహాటంగా అమ్మే కొలరాడోలో తినే సరుకుకు ఒక మోతాదు 10 మిల్లీగ్రాములే! పొలం కోసం రాసిన గీత అంగట్లో ఇలా పనిచేసింది.

పైగా చట్టం పేరెత్తింది డెల్టా-9నే. హెంప్‌లోనే ఉండే, మత్తివ్వని సీబీడీ నుంచి తయారుచేసే మరో రకం టీహెచ్‌సీ, డెల్టా-8, ఆ సందులోంచి దూరింది. అది నిషిద్ధమని 2021 అక్టోబరులో ఆరోగ్య శాఖ ప్రకటిస్తే, నవంబరులో ట్రావిస్ కౌంటీ కోర్టు అడ్డుకుంది. పొగతాగే హెంప్ సంగతి మరీ విచిత్రం. తయారీపై నిషేధం చెల్లుతుందని 2022 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చిల్లర అమ్మకంపై నిషేధం అంతకుముందే కింది కోర్టులో వీగిపోయింది. అంటే అప్పట్లో టెక్సాస్‌లో చుట్టకూడదు, బయట చుట్టింది తెచ్చి అమ్ముకునే వీలుండేది.

2025 నాటికి నమోదైన కొట్లు 8 వేలు దాటాయి. లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ విలేకరుల ముందు హెంప్ సరుకు ప్యాకెట్లు పరిచి మరీ, మత్తు సరుకును నిషేధించే ఎస్‌బీ 3 బిల్లు కోసం పట్టుబట్టారు. ఉభయ సభలూ ఆమోదించిన ఆ బిల్లును సొంత పార్టీవాడే అయిన అబ్బాట్ జూన్ 22 రాత్రి, గడువు ముగియబోతుండగా వీటో చేశారు. రెండు ప్రత్యేక సమావేశాలు పెట్టినా ఏమీ తేలలేదు. చివరికి సెప్టెంబరు 10న ఆయనే కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చారు: 21 ఏళ్లు నిండినవాళ్లకే, గుర్తింపు కార్డు చూసి అమ్మాలి.

రెండు నెలలకే కేంద్ర ప్రభుత్వం కొలతనే మార్చింది. 2025 నవంబరులో వచ్చిన చట్టం ప్రకారం, ఏడాది గడువు తర్వాత అంగట్లో ఒక్కో డబ్బాకు అనుమతించే మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు.