పంచాంగంలోని అంకెలు ఎక్కడివి?



ఒక పంచాంగంలో ఏకాదశి నేడనీ, మరొక దానిలో రేపనీ ఉండడం మనందరికీ అనుభవమే. ఏది ఒప్పని వాదించుకునే ముందు, ఆ గణితానికి ఆధారమేమిటో తెలుసుకోవడం మేలు.

పూర్వం మన సిద్ధాంతులకు ముఖ్య ఆధారం సూర్యసిద్ధాంతం. అందులోని సంవత్సర ప్రమాణం ఋతువుల సంవత్సరం కన్నా సుమారు 24 నిమిషాలు ఎక్కువ. 60 ఏళ్లకు అది ఒక రోజు అవుతుంది. అంటే ఒక షష్టిపూర్తికి ఒక రోజన్నమాట! అందుకే సూర్యుడు డిసెంబరు 22 ప్రాంతంలోనే ఉత్తరానికి మళ్లుతున్నా, మన సంక్రాంతి జనవరి 14 ప్రాంతంలో వస్తున్నది.

ఇంగ్లండులో 1767 సంవత్సరం నుండి నాటికల్ ఆల్మనాక్ వెలువడింది. అది నావికుల కోసం వేసిన గ్రంథం. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 19వ శతాబ్దంలో దాని ఆధారంగా దృగ్గణిత పంచాంగం సిద్ధం చేశారు. మనకు సమీపాన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆ తరువాత ప్రపంచ నక్షత్ర పట్టిక కోసం లక్షల తారల స్థానాలు కొలిచి ఇచ్చింది.

స్వాతంత్ర్యానంతరం 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఏర్పడి, 1955లో నివేదిక సమర్పించింది. ఫలితంగా 1957 నుండి రాష్ట్రీయ పంచాంగం, 1958 నుండి మన దేశపు నాటికల్ ఆల్మనాక్ వెలువడ్డాయి. పరాయి గ్రంథం కోసం ఎదురుచూడవలసిన అవసరం తీరింది. రాష్ట్రీయ పంచాంగం తెలుగులోనూ వచ్చింది.

ఆధారం సరైనదైనా ఊరు మారితే లెక్క మారుతుంది. మచిలీపట్నం రేఖాంశం సుమారు 81.1 డిగ్రీలు, జహీరాబాద్‌ది 77.6. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యోదయం సుమారు 14 నిమిషాలు ఆలస్యం. దశమి ఉదయం 6.15కు ముగుస్తుందనుకుందాం. అక్కడ 6.10కి సూర్యోదయమైతే ఆ వేళకు ఉన్నది దశమి. ఇక్కడ 6.24కు గాని సూర్యోదయం కాదు కనుక అప్పటికి ఏకాదశి వచ్చేసింది. వ్రతాలకు, పెద్దల తిథులకు ఇది చిన్న విషయం కాదు.

కనుక పంచాంగం కొనేటప్పుడు పీఠిక చదవండి. గణితం ఏ పద్ధతిలో, ఏ గ్రంథాన్ని బట్టి, ఏ ఊరికి చేశారో చూడండి. మనవలకు కూడా చూపించండి. ఇంట్లో రెండు పంచాంగాల తగవు చాలావరకు అక్కడే తీరుతుంది.