కల్లంగడి మూసిన తరువాత

ఆ మధ్య ఒక ఆదివారం సాయంత్రం బెంగళూరులో మిత్రులు నన్నొక బ్రూపబ్బుకు తీసుకొని పోయినారు. గాజుగోడ వెనుక బీరు కాచే పెద్ద పెద్ద పాత్రలు, ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అరగంట నిలబడితే గాని కూర్చోవడానికి చోటు దొరకలేదు. అక్కడ తయారైన బీరును తాజాగా అక్కడే తాగడం దాని ప్రత్యేకత అట. నేను నిమ్మరసం పుచ్చుకొని, ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపిన శనక్కాయలు తింటూ ఆ సందడి చూస్తూ కూర్చున్నాను.

“మన చిత్తూరికి ఇట్లాంటిది ఎప్పుడొస్తుందో!” అన్నాడొక మిత్రుడు.

“వచ్చింది, మూసేసినారు కూడా. 1938లో” అన్నాను. అందరూ నవ్వినారు గాని, నేను పరిహాసానికి అన్న మాట కాదది.

ఈతచెట్టుకో తాటిచెట్టుకో గాటు పెట్టి కుండ కడితే రాత్రంతా చుక్కచుక్కగా రసం దిగుతుంది. కుండ లోపల సున్నం పూస్తే అది తియ్యని నీరా. పూయకపోతే గంటలలోనే పులిసి కల్లవుతుంది. తెల్లవారి తీపి, సాయంకాలానికి పులుపు. నిలువ ఉండదు, దూరం పోదు. కనుక చెట్లకు చేరువలోనే అంగడి, అంగడి దగ్గరే గుగ్గిళ్ళు, వేయించిన మాంసం, పొద్దుగూకాక పని దిగివచ్చే జనం. బ్రూపబ్బు లక్షణాలలో కల్లంగడికి లేనిది గాజుగోడ ఒక్కటే. అక్కడ ఖర్చయిన కూలిడబ్బుల కోసం ఇంటి దగ్గర ఎదురుచూసిన ఇల్లాండ్ర కన్నీళ్ళు కూడా ఆ అంగడి చరిత్రలోనివే.

తెల్లదొరల ప్రభుత్వానికి ఆ అంగడి పాడి ఆవు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద గీసే చెట్టుకు పన్ను, అమ్మే అంగడికి వేలంపాట. కాంగ్రెసువారు ఆ అంగళ్ళ ముందు పికెటింగులు చేసినది ఇందుకే.

1937లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయిన రాజాజీ, అక్టోబరు 1న తన సొంత సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టినారు. సరిగా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాల వంతు వచ్చింది. తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి అప్పుడు చిత్తూరు జిల్లాలోనివే. తెలుగునాట మొదట మూతపడిన అంగళ్ళు మనవి. గీతపని వారికి మాత్రం ఆ రోజుతో చెట్టు పరాయిదైపోయింది.

మరి ఖజానాలో పడిన లోటు? దానిని పూడ్చడానికి రాజాజీయే 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చినారు. ఏదో ఒక సరకు మీద గాక, సాధారణంగా అమ్మకాలన్నింటి మీద వేసిన పన్ను మన దేశంలో అదే మొదటిది. తాగేవాడు కట్టుతూ వచ్చిన పన్నును, తాగనివాడితో సహా అందరూ పంచుకోవలసి వచ్చింది. అంగడి మూసినందుకు అది న్యాయమైన వెలే అని నేననుకుంటాను.

అయితే తరువాతి కథ చూడండి. యుద్ధకాలంలో నిషేధం ఆగి, 1946లో తిరిగి వచ్చి, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా వ్యాపించింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబరులో ఈ వివాదం మీదనే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలింది. క్రమంగా నిషేధం సడలి సారా అంగళ్ళు వెలిసినాయి. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కదిలించిన ఉద్యమం ఫలితంగా 1993లో, మళ్ళీ అదే అక్టోబరు 1న, సారా నిషిద్ధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో ఎత్తివేయబడింది.

మద్యం ఇన్నిసార్లు పోయి ఇన్నిసార్లు తిరిగి వచ్చింది. దాని స్థానంలో వచ్చిన పన్ను ఒక్కసారైనా పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో వ్యాట్ అని, దేశమంతటా 2017లో జీఎస్టీ అని పేరు మార్చుకుంది, అంతే. మద్యం మాత్రం ఆ జీఎస్టీకి వెలుపలనే ఉండి, తన ఎక్సైజు సుంకాన్ని వేరుగా కట్టుకుంటున్నది. ఒకటి పోయినందుకు రెండవది వచ్చింది. మొదటిది తిరిగి వచ్చాక రెండూ నిలిచినాయి.

బ్రూపబ్బులో చివరికి బిల్లు వచ్చింది. మిత్రుల బీరు మీద జీఎస్టీ లేదు. నా నిమ్మరసం మీద, శనక్కాయల మీద ఉంది. 1938లో మూసిన మన అంగడి బాకీ అది. తాగనివాణ్ణి గనుక నా వంతు నేను కట్టి వచ్చినాను.