పెట్టె మీద పేరు

ఉగాది సంచికలో జపాన్ మట్టి గిన్నెల గొడవ ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. మా ఇంటికి వచ్చే మిత్రులు కూడా అదే అంటారు. అద్దాల బీరువాలో వెండి సామానో, కొండపల్లి బొమ్మలో ఉండవలసిన చోట వంకరటింకర గిన్నెలు, ఒంటినిండా సన్నని పగుళ్ళున్న కప్పులు కనిపిస్తే ఎవరికైనా వింతే. "డబ్బు పోసి అతుకులేసిన గిన్నె కొన్నారా?" అని ఒక పెద్దాయన మొహం మీదే అడిగారు. కాఫీ తాగి లేచేలోపు చెప్పగలిగిన జవాబు కాదు అది. దాని వెనక నాలుగైదు వందల ఏళ్ళ కథ ఉంది. ఆ కథలో మనకు పనికివచ్చే సంగతి కూడా ఒకటి ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇరవై ఏళ్ళుగా నేను సేకరించినవి మొత్తం పదకొండు. హాగి ఊరి గిన్నెలు మూడు, గాజుపూత లేని బిజెన్ కప్పులు ఆరు, తొకొనమె ఎర్రమట్టితో చేసిన చిన్న టీపాట్ ఒకటి, బంగారు అతుకున్న గిన్నె ఒకటి. మ్యూజియంలో పెట్టదగ్గది ఒక్కటీ లేదు. కానీ వాటితోపాటు వచ్చిన చెక్కపెట్టెలు, వాటి మీద రాతలు చూస్తూ చూస్తూనే నేను చరిత్ర పుస్తకాలలోకి దిగాను.

జపాన్‌లో తేయాకు తాగడాన్ని వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఎయిసాయి అనే బౌద్ధ భిక్షువు. ఆయన 1191లో చైనా నుంచి తిరిగివచ్చాడు. ఆకును మెత్తగా పొడి చేసి, గిన్నెలో వేడినీళ్ళు పోసి, వెదురు కుంచెతో గిలక్కొట్టి తాగడం అప్పటి పద్ధతి. మఠాలలో మొదలైన అలవాటు యోధుల కోటలకూ, వర్తకుల ఇళ్ళకూ పాకింది. మొదట్లో చైనా నుంచి వచ్చిన నాజూకు పాత్రలకే గౌరవం. పదిహేనో శతాబ్దంలో మురాతా జుకో, ఆ తరువాత తకెనో జో‌ఓ, చివరకు సెన్ నో రిక్యూ (1522–1591) ఆ రుచిని మార్చారు. నిరాడంబరమైన గది, మోటు గిన్నె, చేతి గుర్తు కనిపించే మట్టి చాలన్నారు. రిక్యూ కోసం చోజిరో అనే కుమ్మరి సారె వాడకుండా చేత్తోనే మలిచిన గిన్నెలే రాకు గిన్నెలు. ఆ వంశం ఈనాటికీ క్యోటోలో అదే పని చేస్తున్నది. ఇప్పుడున్నది పదహారో తరం.

వస్తువుకు విలువ ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వారి ఫ్రీర్ గ్యాలరీ దగ్గర ఉన్న ఒక జాడీ సంగతి చెప్పాలి. దాని పేరు చిగుసా. అవును, జాడీకి పేరు! సుమారు 42 సెంటీమీటర్ల ఎత్తు, భుజాల మీద నాలుగు చెవులు, గోధుమరంగు పూత. పదమూడు, పద్నాలుగు శతాబ్దాలలో దక్షిణ చైనాలో సరుకు నింపి పంపడానికి చేసిన మామూలు జాడీ అది. జపాన్ చేరాక దాని దశ తిరిగింది. వసంతంలో కోసిన తేయాకును అందులో నింపి, మూతి బిగించి, వేసవి అంతా చల్లనిచోట ఉంచి, శీతాకాలం మొదట్లో అతిథుల ఎదుట తెరిచేవారు. ఆవకాయ జాడీకి గుడ్డ వాసెన కట్టి, మూడో నాటి వరకు ముట్టుకోనివ్వని మన అమ్మమ్మలకు ఈ శ్రద్ధ వేరే చెప్పనక్కరలేదు.

1580ల నాటి టీ విందుల దినచర్య పుస్తకాలలో చిగుసాను చూసినవారు దాని పూత ఎలా జారిందో, ఎక్కడ బుడిపెలున్నాయో కూడా రాసిపెట్టుకున్నారు. తరువాతి యజమానులు దానికి పట్టుగుడ్డ మూత, తాళ్ళు, వల సంచి, ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు పెట్టెలు చేయించారు. చేతులు మారినప్పుడల్లా ఉత్తరాలు, పత్రాలు జత అయ్యాయి. 2009లో ఫ్రీర్ గ్యాలరీ ఆ జాడీతోపాటు ఈ పరివారాన్నంతా కలిపి కొన్నది. జాడీ ఒక్కటే దొరికి ఉంటే అది పాత చైనా జాడీ మాత్రమే. కాగితాలు, పెట్టెలు ఉండబట్టి చిగుసా అయింది.

ఇక అతుకుల సంగతి. సుకుమో నాసు అని ఒక చిన్న టీపొడి బరిణె ఉంది. నాసు అంటే వంకాయ; బరిణె ఆకారమూ అదే, అరచేతిలో ఇమిడిపోతుంది. 1568లో మత్సునగా హిసహిదె అనే సామంతుడు దీన్ని ఒదా నొబునగాకు సమర్పించి అభయం పొందాడు. అక్కడి నుంచి అది టొయొటొమి హిదెయొషి వంశానికి చేరింది. 1615లో ఒసాకా కోట తగలబడినప్పుడు బరిణె శిథిలాల కింద ముక్కలైంది. గెలిచిన తొకుగవా ఇయెయాసు ఆ బూడిద వెతికించాడు. ఫుజిషిగె తోగెన్, తోగాన్ అనే తండ్రీకొడుకులు పెంకులు ఏరి, అతికి, పైన గాజుపూత అనిపించేటట్టు పని చేశారు. ఇప్పుడది టోక్యోలోని సెయికాదో మ్యూజియంలో ఉంది. కంటికి అతుకు కనపడదు. ఎక్స్‌రే తీస్తేనే లోపలి ముక్కలు బయటపడ్డాయి.

వారు వాడినది ఉరుషి అనే చెట్టు పాలు. మన పెరళ్ళలో పిల్లలకు దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఐవీకి ఆ చెట్టు దగ్గరి చుట్టం. పచ్చిగా ఉన్నప్పుడు చేతికి తగిలితే అదే దురద. వెచ్చని, తేమగల గాలిలో నెమ్మదిగా గట్టిపడితే మాత్రం నీటికీ వేడికీ చెక్కుచెదరదు. ఆ అతుకు మీద బంగారుపొడి చల్లితే అదే కింట్సుగి. సుకుమో నాసులో అతుకును దాచారు, కింట్సుగిలో చూపించారు. రెండింటిలోనూ పారేయకూడదన్న పట్టుదల ఒక్కటే. పెద్దాయన అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆ గిన్నెను ఎవరో ఒకరు కావాలనుకున్నారు అనడానికి ఆ అతుకే సాక్ష్యం.

ఇంత జాగ్రత్తలో మన వాటా కూడా కొంత ఉందంటే ఆశ్చర్యపడకండి. పదిహేడో శతాబ్దంలో డచ్చివారి ఓడలు మన కోరమాండల్ తీరం నుంచి రంగులద్దిన నూలుబట్టలను జపాన్‌కు చేరవేశాయి. మచిలీపట్నంలో వారికి వర్తకశాల ఉండేది. 1641 తరువాత నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవిలో తప్ప యూరపువారు మరెక్కడా దిగడానికి వీలు లేదు. అక్కడ దిగిన మన అద్దకాల గుడ్డను జపాన్‌వారు సరసా అని పిలిచి, జానెడు ముక్క దొరికినా టీ బరిణెలకు సంచులుగా కుట్టించుకునేవారు. చాలా గిన్నెలను పెట్టెలో చుట్టి ఉంచే పచ్చని నూలుగుడ్డను ఉకోన్ గుడ్డ అంటారు. ఉకోన్ అంటే పసుపు. పురుగు పట్టకుండా పసుపు అద్దేవారు. ఈ రోజుల్లో చాలావాటికి వేసేది రసాయనపు రంగే అయినా పేరు మాత్రం పసుపుదే.

పెట్టె సాధారణంగా పౌలోనియా చెక్కతో చేస్తారు. తేలిక, తేమను అడ్డుకుంటుంది. మూత మీద గిన్నె రకం, చేసినవాడి సంతకం, ముద్ర ఉంటాయి. దాన్ని తొమొబాకో అంటారు. కొనేవారు గిన్నె అడుగున ఉన్న ముద్రనూ, పెట్టె మీది ముద్రనూ పోల్చి చూసుకోవాలి. ఒక గిన్నె పెట్టెలో మరో గిన్నె పెట్టి అమ్మడం బజారులో కొత్త కాదు.

పెట్టె మీద అన్నీ ఉంటాయా అంటే, ఉండవు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది. జపాన్ టీ గిన్నెలలో అత్యున్నతమని చెప్పుకునేది కిజాయెమొన్ ఇదో. క్యోటోలోని దైతొకుజి మఠ ఆవరణలో, కొహో‌అన్ అనే చిన్న ఆలయంలో ఉంది. జాతీయ నిధిగా ప్రకటించారు. కిజాయెమొన్ అన్నది ఒసాకా వర్తకుడి పేరు, ఒకప్పటి యజమాని. ఆ తరువాత మత్సుదైరా ఫుమాయ్ (1751–1818) అనే ప్రభువు దాన్ని కొని ప్రాణంగా చూసుకున్నాడు. అది ఎవరి దగ్గరుంటే వారికి కురుపులు లేస్తాయని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. 1931లో యనగి సొయెత్సు అనే కళావిమర్శకుడు దాన్ని చూసి, ఇది కొరియాలో పేదవాడు రోజూ అన్నం తిన్న గిన్నె అని గుర్తుచేశాడు. యజమానులందరి పేర్లూ మనకు తెలుసు. సారె తిప్పిన కొరియా కుమ్మరి పేరు మాత్రం ఎక్కడా లేదు.

పాత్రలతో ఆగలేదు, మనుషులను కూడా తెచ్చారు. 1592లోనూ, మళ్ళీ 1597లోనూ హిదెయొషి సైన్యాలు కొరియా మీదికి దండెత్తాయి. 1598లో తిరిగి వస్తూ సామంతులు అక్కడి కుమ్మరులను పట్టి తెచ్చారు. హాగి, అరితా, సత్సుమా, అగానో, తకతొరి ఆవాలు వారి చేతి మీదుగా వెలిగినవే. "మొదట రాకు, తరువాత హాగి, ఆపైన కరాత్సు" అని టీ ప్రియులు వరుస చెబుతారు. అందులో రెండో పేరు బందీలై వచ్చినవారి చేతిపని. హాగిలో ఆ వంశపు పెద్దకు వచ్చే బిరుదు కొరైజాయెమొన్. కొరై అంటే కొరియా. అంటే పుట్టిన దేశం అతని పేరులోనే మిగిలింది.

సత్సుమాలో నాయెషిరొగవా అనే ఊళ్ళో వారిని స్థిరపరిచారు. అక్కడి ప్రభువుల కట్టడి వల్ల వారు తరతరాలు కొరియా పేర్లు, వేషభాషలు నిలుపుకున్నారు. రోజులు మారాక అదే పేరు భారమైంది. ఆ ఊళ్ళో 1882లో పుట్టిన ఒక పిల్లవాడి కుటుంబం 1886లో బొకు అన్న కొరియా ఇంటిపేరు వదిలి తోగో అన్న జపాన్ ఇంటిపేరు తీసుకుంది. ఆ పిల్లవాడే తోగో షిగెనోరి. 1941లో యుద్ధం మొదలైనప్పుడు, 1945లో ముగిసినప్పుడు కూడా జపాన్ విదేశాంగమంత్రి ఆయనే. మనం వీసా తీసుకుని, మన ఇష్టంతో, విమానమెక్కి వచ్చినవాళ్ళం. వారితో పోలిక పెట్టుకోకూడదు. అయినా పిల్లల పేర్లు బడిలో పలకడానికి వీలుగా కత్తిరించిన తల్లిదండ్రులకు ఈ కథ చదివితే మనసులో ఎక్కడో కలుక్కుమంటుంది.

ఇక ఇంట్లో పెట్టుకోదలచినవారికి కొన్ని జాగ్రత్తలు. హాగి గిన్నె కొత్తలో నీళ్ళు చెమరుస్తుంది. అందుకని ముందుగా బియ్యం కడుగునీటిలోనో, పలుచని గంజిలోనో నెమ్మదిగా కాచి, చల్లారనిస్తారు. గంజి ఆ సన్నని రంధ్రాలను పూడుస్తుంది. వాడే ముందు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెడితే టీ మరక ఒక్కసారిగా లోపలికి పోదు. ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళలోకి టీ దిగి రంగు మారుతుంది. దాన్ని హాగి ఏడు రూపాలు అంటారు. అది మురికి కాదు, తోమకండి. గాజుపూత లేని టీపాట్‌కు సబ్బు తగలనివ్వకూడదు. మట్టి ఆ వాసన పీల్చుకుని మరునాటి టీలో కలుపుతుంది. ఒక పాట్‌లో ఒక రకం టీ మాత్రమే కాచడం మంచిది. మన మసాలా టీ పొరపాటున కూడా వద్దు. డిష్‌వాషర్, మైక్రోవేవ్ పనికిరావు. బంగారు అతుకుంటే అసలే పనికిరావు. కడిగిన గిన్నెను నీడన రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తడితో పెట్టెలో పెడితే బూజు పడుతుంది, పచ్చగుడ్డ రంగు కూడా అంటుతుంది. ఇక్కడి చలికాలంలో హీటరు గాలి తగిలేచోట పెట్టె ఉంచితే చెక్క బీటలు వారుతుంది.

ఇవన్నీ చేశాక ఇంకొక్క పని ఉంటుంది, రాయడం. ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1877లో సముద్రజీవుల పరిశోధనకు జపాన్ వెళ్ళి, కుమ్మరి పనితనం మోజులో పడ్డాడు. నినగవా నొరితానె అనే పండితుడి దగ్గర కూర్చుని ముద్రలు, మట్టి రకాలు నేర్చుకున్నాడు. శంఖాలను, గవ్వలను వర్గీకరించిన పద్ధతిలోనే ఏ రాష్ట్రం, ఎవరి చేయి అని ప్రతి పాత్రకూ రాసుకున్నాడు. అయిదువేలకు పైబడిన ఆ సేకరణను బోస్టన్ మ్యూజియం 1892లో తీసుకుంది. 1901లో జాబితా గ్రంథం వచ్చింది. ఆ రాతలే లేకపోతే అదంతా పెంకుల గుట్ట.

మనకు కూడా రాసే అలవాటు ఒకటి ఉండేది. పెళ్ళికి పెట్టిన ఇత్తడి బిందె మీద, స్టీలు గ్లాసు మీద పేరు, తేదీ కొట్టించేవాళ్ళం. అక్కడ కూడా ఇచ్చినవారి పేరే, చేసిన కంచరి పేరు కాదు. ఆ గిన్నెలు ఇప్పుడు మన గరాజుల్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి. మన పిల్లలలో ఎందరు ఆ తెలుగు అక్షరాలు చదవగలరు? చదవలేని గిన్నె రేపు గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకు పోతుంది. తప్పు వాళ్ళది కాదు.

మా బామ్మగారి ఊరగాయ జాడీ నా దగ్గర ఉంది. దానికోసం చెక్కపెట్టె చేయించి, మూత లోపల తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. ఏ ఊరిది, ఎవరు కొన్నారు, ఎన్ని ఏళ్ళు మాగాయ పెట్టారు, ఎవరు మోసుకొచ్చారు. చేసినవారు అన్న చోట ఖాళీ వదిలాను. ఆ ఖాళీ కూడా మా మనుమలకు కనపడాలి.

ఈ ఉగాదికి ఇంటిల్లిపాదీ కలిసి ఒక పూట కూర్చోండి. ఒక్క వస్తువు ఎంచుకుని, దాని సంగతి పెద్దవాళ్ళ చేత చెప్పించి, పిల్లల చేత రాయించండి. చెప్పగలవాళ్ళు ఉండగానే రాయించండి.