పెంటయ్య పేరు ఎందుకు పోయింది?

మా బడి పాత రిజిస్టరు తిరగేస్తే పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అనే పేర్లు కనిపిస్తాయి. ఇప్పటి హాజరు పట్టీలో ఒక్కటీ లేదు. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, లేదంటే ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి ఆ పేరు పెట్టేవారు. చావు కన్ను ఆ బిడ్డ మీద పడకూడదని. మనవాళ్లే కాదు, అన్ని కులాలవాళ్లూ ఇలా చేశారు. పిల్లలు ఆ పేర్లు విని నవ్వితే మేం కోప్పడం, కథ చెబుతాం.

మశూచి వస్తే అమ్మవారన్నారు, పోలేరమ్మకు మొక్కారు. కలరా వస్తే ఊరే ఖాళీ చేశారు. ఎంతమంది దక్కుతారో తెలియని ఇంట్లో ఇద్దరు చాలనుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఎక్కువమందిని కనడం అజ్ఞానం కాదు, లెక్క.

అయితే పెద్ద రోగం వచ్చిన ఏడాది కాన్పులు పెరగవు, తగ్గుతాయి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా చూడండి. ఆ జూన్‌లో బొంబాయి రేవులో కనిపించింది, రైళ్ల వెంట దేశమంతా పాకింది. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు వచ్చే రైలు దారికి అప్పటికి పదేళ్లే. దేశంలో కోటికి పైగా చనిపోయారు. ఆ జ్వరం ముసలివాళ్ల కంటే ఇరవై నుంచి నలభై ఏళ్లవాళ్లను ఎక్కువగా పట్టుకుంది. గర్భిణులు చనిపోయారు, బతికినవారిలో చాలామందికి గర్భం పోయింది. అంతకు ముందు ఏడాది బ్రిటిష్ ఇండియాలో వెయ్యిమందికి 39 దాకా ఉన్న జననాలు 1919లో సుమారు 30కి పడిపోయాయి. 1921 జనాభా లెక్కల్లో దేశ జనం 1911 కంటే తగ్గారు. అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే.

ఈ లెక్కలు గ్రామ మునసబు రాసినవి. కాలవగట్ల మీద, చెరువు కట్టల మీద గుడిసెలు వేసుకున్న మన యానాదుల, ఎరుకల కాన్పులు అందులో ఎన్ని ఎక్కాయి? ఇంకో మాట. పైకులాల్లో పాతికేళ్ల వితంతువుకు మళ్లీ కాన్పు లేదు. మనలో మారుమనువు ఉంది. కనుక మన గూడేల్లో ఇళ్లు త్వరగా నిలబడి ఉంటాయని మా ఊహ. రాసినవారు లేరు.

1977 ఏప్రిల్‌లో మన దేశం మశూచి నుంచి బయటపడిందని ప్రకటించారు. అంతకు ముందు ఏడాది ఎమర్జెన్సీలో దేశమంతటా 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఆ నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి, అందులో పసివాళ్లు ఎందరో. రోగం కాకపోయినా ఇంటి లెక్క అదే. ఉన్న పిల్లలు దక్కుతారనే నమ్మకంతోనే మనిషి ఆపరేషనుకు ఒప్పుకుంటాడు. ఆ నమ్మకం ఒక్క రాత్రిలో కొట్టుకుపోతే? 2004 సునామీ తర్వాత తమిళనాడు ప్రభుత్వం, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు ఆపరేషను విప్పే శస్త్రచికిత్స ఉచితంగా చేయించింది. ఆ బాధను ప్రభుత్వం గుర్తించిందన్నమాట.

టీకాలు వచ్చాక, నర్సమ్మ గూడెం దాకా నడిచి వచ్చాక, కాన్పులు వాటంతటవే తగ్గాయి. దేశంలో 1970లలో వెయ్యిమంది శిశువుల్లో సుమారు 130 మంది ఏడాదిలోపే పోయేవారు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 30. అదే సర్వేలో మన రాష్ట్రంలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. ఇద్దరికి మించి ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను 2024 నవంబరులో ఎత్తేశారు, ఇంకా కనమంటున్నారు. ఒకప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కావాలంటున్నారు. గూడెంలో తల్లులు అడిగేది మాత్రం మారలేదు: రాత్రిపూట నొప్పులొస్తే బండి వస్తుందా?

ఈ వేసవిలో మీ అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి అడగండి. ఎందరిని కన్నావు, ఎందరు దక్కారు, పోయినవారు ఏ రోగంతో పోయారు, వారికి ఏ పేర్లు పెట్టావు అని. తేదీ వేసి నోటు పుస్తకంలో రాసి బడికి తీసుకురండి. మునసబు పుస్తకంలో లేనిది అక్కడుంటుంది.