ఎండాకాలం సెలవుల్లో నీళ్ళ దగ్గరికి

కుప్పం దగ్గర మా గుడుపల్లె వైపు బడులకు సెలవులిచ్చే రోజుల్లో చెరువుల్లో నీళ్ళుండవు. నీళ్ళుండే రోజుల్లో సెలవులుండవు. ఇక్కడ వానలు దండిగా పడేది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. మంచి ఏడాదైతే చెరువు నిండి మరవ పోయేదీ అప్పుడే. ఏప్రిల్ ఆఖర్లో బడులు మూసేసరికి కట్ట లోపల మిగిలేది నెర్రెలిచ్చిన ఒండ్రు, తూము దగ్గర ఒక గుంత. మరి ఇంటిల్లిపాదీ కలిసి ఎండాకాలంలో నీళ్ళ ఒడ్డుకు పోయే అలవాటు మనకెట్లా వచ్చింది?

ఆ ఆరా తీస్తూ పోతే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. మనం షికారుకు పోయే దాదాపు ప్రతి సరస్సునూ ఎవరో ఒకరు కట్టించారు. వాటిలో చాలావాటిని కట్టింది షికారు కోసం కాదు. పైరుకు, తాగడానికి నీళ్ళు కావాలని కట్టారు. పడవలు తరవాత వచ్చాయి.

మా దగ్గర మొదలుపెడతాను. పాలారు నందికొండల్లో పుట్టి, కోలారు జిల్లా మీదుగా కుప్పం ప్రాంతంలో కొంత దూరం నడిచి తమిళనాడులోకి పోతుంది. ఏరని పేరే గాని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. అందుకే పెద్దలు వంకకు అడ్డంగా కట్టలు పోసి, ఒక చెరువు మరవ నీళ్ళు కింది చెరువులోకి దిగేటట్టు గొలుసుగా చెరువులు కట్టారు. ఆ చెరువు దగ్గర కుటుంబమంతా కలిసేది ఎండాకాలంలోనే, ఆటకు కాదు, పనికి. నీళ్ళు అడుగంటగానే పొలాలకు ఒండ్రు తోలేవాళ్ళు. తెల్లవారకముందే బండ్లు కట్ట దిగేవి. మగవాళ్ళు పారలతో పెళ్ళలు తవ్వితే ఆడవాళ్ళు గంపలకెత్తి బండిలో పోసేవాళ్ళు. పై పొర ఎండి పెంకులా లేచివచ్చేది, జానెడు లోతుకు పోతే ఇంకా చల్లగా, నల్లగా, పారకు అంటుకునేది. ఎండ ముదిరేసరికి కట్ట మీది చింతచెట్ల కింద అందరూ చేరి సంగటి ముద్దలు తినేవాళ్ళు. సెలవులకు వచ్చిన మనవళ్ళు, మనవరాళ్ళు ఖాళీ బండ్ల మీద ఎక్కి చెరువుకు, నిండు బండ్ల వెనక నడిచి పొలానికి పోయేవాళ్ళు.

ఇంకొకటి చేపలు పట్టే రోజు. గుంతలో నీళ్ళు మోకాలి లోతుకు దిగాక ఊరంతా ఒక్కసారిగా దిగేది. ఊతలు, వలలు, చీర ముక్కలు, ఏది దొరికితే అది. కూతుళ్ళకు, అల్లుళ్ళకు ముందుగానే కబురు పోయేది. ఈ రెండు పనులనే మా ప్రాంతపు మొదటి వేసవి సెలవులంటాను. సెలవు అన్న పేరు లేదు, ఖర్చు లేదు, అయినా చుట్టాలంతా నీటి పల్లంలో కలిసేవాళ్ళు.

పేరుతో సహా వచ్చిన సెలవు మాత్రం దొరల కాలం నాటిది. ఎండకు తాళలేక కోర్టులు మూసేవాళ్ళు, బడులు మూసేవాళ్ళు, ఆఖరికి ప్రభుత్వమే కొండెక్కేది. 1864లో సిమ్లా వేసవి రాజధాని అయింది. 1870 ప్రాంతం నుంచి మద్రాసు ప్రభుత్వం ఎండాకాలంలో ఊటీకి మారింది. అప్పటికి అక్కడ సరస్సు సిద్ధంగా ఉంది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ కొండవాగులకు అడ్డుకట్ట వేయించి 1823లో మొదలుపెట్టి 1825 నాటికి దాన్ని పూర్తిచేయించాడు. కింది మైదానాల సాగుకు నీళ్ళు అందించాలన్నది ఆయన ఆలోచనల్లో ఒకటి. మనవాళ్ళు చెరువు కట్టే పద్ధతే అది: లోయ మూతి చూసి కట్ట పోయడం. కొడైకెనాల్ సరస్సు కథా ఇంచుమించు ఇంతే. మదురై కలెక్టరుగా చేసిన వీర్ హెన్రీ లెవింజ్ 1863లో దాన్ని ఏర్పరచాడు. మొదటి పడవను తూత్తుకుడి నుంచి తెప్పించాడంటారు. ఇంగ్లండులో అప్పటికే సరస్సుల ఒడ్డున సెలవులు గడిపే ఆచారం బలపడింది. విండర్‌మియర్‌ సరస్సు దగ్గరికి 1847లో రైలు వచ్చింది. ఆ రైలు వస్తే జనం తొక్కిడికి తమ సీమ పాడైపోతుందని కవి వర్డ్స్‌వర్త్ ముందే గట్టిగా వాదించాడు. ఆ అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడి కొండలెక్కాక నీళ్ళూ పడవలూ వెతుక్కోవడంలో వింత లేదు.

మదనపల్లె వాళ్ళకు దగ్గరి ఉదాహరణ హార్స్‌లీ హిల్స్. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ వేసవికి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కొండకు ఆయన పేరు నిలిచిపోయింది. యూకలిప్టస్ చెట్ల నడుమ ఉన్న గంగోత్రి మడుగు దగ్గర చాప పరుచుకుని కూర్చునే కుటుంబాలను ఇప్పటికీ చూడొచ్చు. నీళ్ళు కొంచెమే. నాలుగు వేల అడుగుల ఎత్తులో చల్లదనం మాత్రం నిజం.

గుడుపల్లె వాళ్ళకు వీటన్నిటికంటే దగ్గర బేతమంగళ. సరిహద్దు దాటి కర్ణాటకలో, అదే పాలారు మీద ఉన్న పాతకాలపు చెరువు. కోలారు బంగారు గనుల్లో జాన్ టేలర్ కంపెనీ 1880లో పని మొదలుపెట్టాక వేల మంది కూలీలు దిగారు, వాళ్ళలో మన చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల పల్లెల నుంచి పోయినవాళ్ళు ఎందరో. రాళ్ళగుట్టల మీద వెలసిన గనుల ఊరికి నీళ్ళు లేవు. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో బేతమంగళ చెరువు నీటిని శుద్ధి చేసి గొట్టాల గుండా గనులకు పంపే ఏర్పాటు జరిగింది. పైరు కోసం పుట్టిన చెరువు గనికి దాహం తీర్చింది. ఆ వెంటే గని అధికారుల కుటుంబాలు పడవ షికారుకు అక్కడికి రావడం మొదలైంది. గనుల ఊరి పాతకాపులను కదిపితే బేతమంగళ షికారు గురించి ఇష్టంగా చెబుతారు. గుడుపల్లె మండలంలోని బిసానత్తం గనితో సహా గనులన్నీ 2001లో మూతపడ్డాయి. చెరువు ఇంకా ఉంది.

దొరల సెలవు మామూలు ఇళ్ళకు చేరడానికి మూడు మెట్లు పట్టింది. మొదటిది రైలు. మద్రాసు రైల్వే జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు 1864లో వేసిన లైను కుప్పం, గుడుపల్లెల మీదుగానే పోతుంది. రెండోది జీతంతో కూడిన సెలవు. 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చాక ఏడాది పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతం పోని సెలవు హక్కయింది. ఈ ఒక్క నిబంధన చేసిన మేలును మనం తక్కువగా అంచనా వేస్తాం. అంతకు ముందు కూలి మనిషి ఒక రోజు పని మానేస్తే ఆ రోజు గింజలు పోయినట్టే. జాతరకు తప్ప ఊరు కదలకపోవడానికి కారణం అదే, ఆసక్తి లేక కాదు. మూడోది, 1956లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సెలవు ప్రయాణానికి ఛార్జీలివ్వడం. మొదట అది సొంతూరికి పోయిరావడానికే. దేశంలో ఎక్కడికైనా పోవచ్చన్నది తరవాతి మాట. రైల్వే వాళ్ళకు పాసులు ఎటూ ఉండేవి. ఇంట్లో ఒక రైల్వే మేనమామ ఉంటే ఎండాకాలం రాగానే అక్కచెల్లెళ్ళ పిల్లలంతా ఆయన చుట్టూ చేరేవాళ్ళు.

ఆ మేనమామలు తీసుకుపోయిన చోటు మాకు ఏలగిరి. గుడుపల్లెలో ప్యాసింజరెక్కి జోలార్‌పేటలో దిగితే కొండ ఎదురుగానే కనబడుతుంది. ఒకప్పుడు అది జమీందారీ కుటుంబపు సొత్తు, స్వతంత్రం వచ్చాక ప్రభుత్వపరమైంది. 1960ల్లో రోడ్డు వేశారు. 14 మెలికలు, వాటికి తమిళ కవుల, దాతలైన రాజుల పేర్లు. పైన సుమారు మూడున్నర వేల అడుగుల ఎత్తులో మనుషులు కట్టిన సరస్సు ఒకటి ఉంది. దాని పేరు పుంగనూరు సరస్సు. మన పుంగనూరుతో పొరబడకండి, అక్కడి కుగ్రామం పేరు కూడా అదే.

సరస్సు పెద్దదేం కాదు, చుట్టూ నడిచి రావచ్చు. తొక్కుడు పడవలో ముందు ఇద్దరు కూర్చుని సైకిల్ లాగా తొక్కాలి, నడుమ ఉన్న కడ్డీ తిప్పితే పడవ తిరుగుతుంది. కడ్డీని ఒకే వైపు తిప్పి ఉంచితే అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. కొత్తగా ఎక్కిన పిల్లలందరికీ మొదట జరిగేది ఇదే. వెనక కూర్చున్న అవ్వ నారింజ రంగు లైఫ్ జాకెట్ పట్టీలు రెండు చేతులా పట్టుకుని, "ఒరే, నడాన పోవద్దురా, గట్టు పక్కనే పోనీ" అంటుంది. దిగాక చిత్రాన్నం, పెరుగన్నం, ఊరగాయ. తినుబండారాలు అక్కడ కొనుక్కోవచ్చు గాని మా ఇళ్ళల్లో ఇప్పటికీ గిన్నె కట్టుకునే పోతారు. జీవితమంతా చెరువు కింద సేద్యం చేసిన అవ్వకు నీళ్ళ మీద కూర్చోవడం అక్కడే మొదలు.

ఇప్పుడీ కథ ఇంకో మలుపు తిరుగుతోంది. హంద్రీ-నీవా కాలువ గుండా శ్రీశైలం నుంచి ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిచి కృష్ణా నీళ్ళు కుప్పం చేరాయి. 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి ఇచ్చారు. ఆ నీళ్ళు ఏటా నిలకడగా వస్తే సెలవులు, నిండిన చెరువు ఒకేసారి దొరకడం మా వైపు పిల్లలకు కొత్త అనుభవం. సంతోషమే. దాంతోపాటు భయం కూడా ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. పారతో ఒండ్రు తీసిన రోజుల్లో చెరువు అడుగు వాలుగా, ఒకే తీరుగా ఉండేది. జేసీబీలు, టిప్పర్లు వచ్చాక మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల గుంత ఉంటోంది, పై నుంచి చూస్తే తెలియదు. 2015లో మొదలైన నీరు-చెట్టు లాంటి పథకాలతో చెరువుల్లో పూడిక బాగా తీశారు. అది అవసరమైన పనే. తవ్విన గుంతల అంచులు చదును చేయడం, లోతు తెలిపే రాళ్ళు పాతడం కూడా ఆ పనిలో భాగం కావాలి. పిల్లలు దిగే రేవు ఒకటి ఏర్పాటు చేసి అక్కడ గాలి నింపిన ట్యూబు, తాడు వేలాడదీయడానికి పంచాయతీకి అయ్యే ఖర్చు ఎంతో కాదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఆ పని తనే మొదలుపెట్టాడు. నీళ్ళు దిగి ఉన్నప్పుడే చెరువులో నడిచి, గుంత ఉన్న ప్రతిచోటా వెదురు గడ పాతి ఎర్రగుడ్డ కట్టాడు. నీళ్ళు ఎక్కినా గడ కొనలు పైకి కనిపించాలని పొడుగైనవే ఎంచాడు. సెలవులకు వచ్చిన పిల్లలను ముందు కట్ట మీదికి తీసుకుపోయి, ఏ గడ దాటి పోకూడదో చూపించాకే దిగనిస్తాడు.