బందరు బయానా

1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ నిజాంపట్నం మీదుగా బందరు చేరింది. ఓడ ఇంగ్లీషు వాళ్ళదే గానీ బేరసారాలు చూసే పీటర్ ఫ్లోరిస్ డచ్చివాడు. అంతకుముందు డచ్చి కంపెనీలో పనిచేసి ఈ తీరం ఆనుపానులు తెలుసుకున్నవాడు. అతనికి కావలసింది బట్టలు. తూర్పు దీవుల్లో మిరియాలు కొనాలంటే వెండి కన్నా కృష్ణా తీరపు గుడ్డే బాగా చెల్లేది.

ఆ గుడ్డ అంగట్లో వేలాడుతూ దొరికేది కాదు. ఒక్కో రేవుకు ఒక్కో రంగు, ఒక్కో అంచు. నమూనా చూపించి నెలల ముందే నేయించుకోవాలి. నేతగాడికేమో నూలు కొనాలన్నా, ఇంట్లో పొయ్యి వెలగాలన్నా ముందు చేతిలో డబ్బు పడాలి. అందుకే దళారుల ద్వారా బయానాలు నడిచేవి. ఇంగ్లీషు కంపెనీ లెక్కల్లో, ఓడలకెత్తే సరుకు కోసం ఏటా పెట్టే ఈ సొమ్ముకు ‘ఇన్వెస్ట్‌మెంట్’ అనే పేరు.

అయితే అసలు కిటుకు మగ్గంలో కాదు, వేరులో ఉండేది. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ళ నుంచి ఎర్రరంగు తీసేవారు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, పటికతో బొమ్మ వేసి, చిరివేరుతో ఉడికిస్తే పటిక తగిలిన మేరకే ఎరుపు పట్టేది. ఎన్ని ఉతుకులకూ వదిలేది కాదు. నిజాంపట్నం ప్రాంతపు వేరుకు పెద్ద పేరు. అప్పట్లో ఆ ఊరిని తెల్లవాళ్ళు పెటాపోలి అనేవారు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న విలియం మెథ్‌వోల్డ్ కూడా ఆ రంగును మెచ్చుకుంటూ రాశాడు.

ఫ్లోరిస్ సరుకంతా ఎత్తుకుని 1612లో పటానీ చేరాడు. ఇప్పుడది దక్షిణ థాయ్‌లాండ్‌లో ఉంది. తీరా చూస్తే గిరాకీ చల్లబడి ఉంది. నాలుగేళ్ళ కిందట తాను చూసిన జోరు ఏమైందోనని దినచర్యలో వాపోయాడు. తిరిగి బందరు వచ్చాక బాకీల వసూలు మరో తలనొప్పి. 1614లో ఏకంగా ఊరి పాలకవర్గంలోని ఒకాయన కొడుకును పట్టుకుని ఓడెక్కించాడు. ఫ్లోరిస్ రాతలో ఆ కుర్రవాడు ‘వెంటకాద్ర’, మన వెంకటాద్రే కాబోలు. బ్రాహ్మణుడు కావడంతో ఓడలో తిండీ నీళ్ళూ ముట్టలేదు. బాకీ మాత్రం వసూలైంది!

ఆ రోజుల్లో నేతగాడికి ఒక వెసులుబాటు ఉండేది. డచ్చివాడు, ఇంగ్లీషువాడు, పారశీక వర్తకుడు అందరూ అతని గుమ్మం తొక్కేవారు. బేరం నచ్చకపోతే బయానా తిరిగిచ్చేసి ఇంకొకరికి నేసిపెట్టవచ్చు. 1759లో ఇంగ్లీషు సేన ఫ్రెంచివాళ్ళ నుంచి బందరు కోటను గెలుచుకుంది, 1765లో బందరుతో సహా ఈ తీరమంతా, అంటే ఉత్తర సర్కారులు, ఇంగ్లీషు కంపెనీకి దఖలుపడ్డాయి. కొనేవాడు ఒక్కడే మిగిలే సరికి బయానా కాస్తా సంకెల అయింది.

కొత్త ఫోను రాకముందే దాని విడిభాగాల కంపెనీల వాటాలు కొనిపెట్టుకునే నేటి మదుపరులకు బయానా సంకెలగా మారే ఈ కథ కొత్తేమీ కాదు. 2013లో యాపిల్ సంస్థ అమెరికాలోని జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్‌కు నీలమణి గాజు కోసం 57.8 కోట్ల డాలర్లు ముందుగా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఐఫోన్ 6 తెర దానితోనే వస్తుందని వాటా ధర ఎగబాకింది. 2014 సెప్టెంబరు 9న ఫోనును లోకానికి చూపించారు, అందులో ఆ తెర లేదు. కొని తీరాలన్న షరతు యాపిల్‌కు లేదు. అక్టోబరు 6న జీటీ దివాలా పిటిషన్ వేసింది. వాటా ఒక్కరోజులో దాదాపు తొంభై శాతం విలువ పోగొట్టుకుంది. ఆ కంపెనీకి కూడా వేరే గుమ్మం లేకపోయింది మరి.

చిరివేరు సంగతి ఇంకోలా ముగిసింది. 1869 జూన్‌లో జర్మన్ రసాయనవేత్తలూ, ఇంగ్లండులో విలియం పెర్కిన్ అనే రసాయనవేత్తా ఒక్కరోజు తేడాతో కృత్రిమ అలిజరిన్‌కు పేటెంటు దరఖాస్తులు పెట్టారు. చిరివేరులో ఎరుపు పుట్టించే పదార్థం కూడా అదే. ఇసుకలో వేళ్ళు తవ్వేవాళ్ళకు పని లేకుండా పోయింది. ఇవాళ బందరు పక్కనున్న పెడనలో అచ్చులద్దిన కలంకారీ గుడ్డలు ఉడికే కాగుల్లో ఎక్కువగా పడేది సంచుల్లో వచ్చే అలిజరిన్ పొడే.