బొగ్గు మింగిన విషం ఎటు పోతుంది?

శుద్ధి అనే మాటలో చిన్న మాయ ఉంది. నీళ్లు శుద్ధి చేశారనగానే అందులోని చెడు లేకుండా పోయిందనే మనకి వినిపిస్తుంది. ఎటు పోయిందని అడగం. పాతకాలంలో ఇండుపగింజని కుండ లోపలి గోడకి అరగదీసి బురదనీళ్లు తేర్చుకునేవాళ్లు. అక్కడ జవాబు కళ్లెదుటే ఉండేది. మడ్డి అడుగున పేరుకునేది, పైతేట వంచుకుని మడ్డిని పారబోసేవాళ్లు. ఫ్యాక్టరీ నీళ్ల విషయానికొచ్చేసరికి ఆ మడ్డి కనపడదు. దాన్ని అంత బాగా దాచగలిగే పదార్థం యాక్టివేటెడ్ కార్బన్. రెండువందల ఏళ్లు దాటిన దీని చరిత్ర చదువుతుంటే, ప్రతి మలుపులోనూ నాకు ఆ అడగని ప్రశ్నే కనిపించింది.

కథ మందుల తయారీలోనే మొదలైంది. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్స్ అనే ఫార్మసిస్టు టార్టారిక్ ఆమ్లం స్ఫటికాలు తయారు చేస్తూ, బొగ్గుపొడి కలిపితే ద్రావణానికున్న గోధుమరంగు విరిగిపోవడం గమనించాడు. తర్వాతి శతాబ్దంలో ఈ కిటుకు యూరప్ చక్కెర మిల్లులకి పాకింది. ఎముకల బొగ్గులోంచి వడకట్టి పంచదారని తెల్లగా చేశారు. 1900, 1901 సంవత్సరాల్లో రాఫేల్ ఫాన్ ఓస్ట్రేకో పేటెంట్లతో మామూలు బొగ్గు కాస్తా 'యాక్టివేటెడ్' అయ్యింది.

చేసే పద్ధతి వినడానికి సులువే. కొబ్బరిచిప్పని గాలి తగలకుండా కాలిస్తే బొగ్గు మిగుల్తుంది. ఆ బొగ్గుని 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆవిరికి గురిచేస్తే, ఆవిరి కార్బన్‌ని కొద్దికొద్దిగా కొరుక్కుతింటూ సన్నటి బిలాలు తొలుస్తుంది. అతి చిన్నవి రెండు నానోమీటర్ల లోపే ఉంటాయి. వాటి గోడలన్నీ పరిచి లెక్కేస్తే ఒక్క గ్రాము బొగ్గులో సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పావెకరం. చెంచా కూడా నిండని పొడిలో పావెకరం నేల! రంగులు, ఫినాల్, ద్రావకాలు, మందుల అణువులు వచ్చి ఆ నేలకి అంటుకుంటాయి. దీన్నే శాస్త్రం పుస్తకాల్లో అధిశోషణం అంటారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అణువు విరగదు, మారదు. నీళ్లలో ఉన్న విషం బొగ్గులోకి ఇల్లు మారుతుంది, అంతే.

కొబ్బరిచిప్పకి గిరాకీ తెచ్చింది మాత్రం యుద్ధం. 1915 ఏప్రిల్‌లో ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువు వదిలింది. అదే ఏడాది రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ బొగ్గు నింపిన మాస్కు తయారు చేశాడు. 1918లో అమెరికా ప్రభుత్వం పీచ్ టెంకలు, కాయల పెంకులు దాచి ఇవ్వమని ఇంటింటినీ కోరింది. గట్టిగా ఉండి, సన్నటి బిలాలు ఎక్కువగా ఏర్పడే కొబ్బరిచిప్ప బొగ్గు ఆ పనికి బాగా కుదిరింది. మాస్కు డబ్బా నిండిపోతే పారేసి కొత్తది తగిలించుకోవాలి. పారేసిన డబ్బా ఏమైందని అడిగే తీరిక యుద్ధభూమిలో ఎవరికుంటుంది?

యుద్ధం అయ్యాక బొగ్గు నీళ్లవైపు తిరిగింది. 1930లో అమెరికాలోని న్యూజెర్సీలో ఊరి మంచినీళ్లలో వాసన పోగొట్టడానికి దాని పొడి కలిపారు. మురుగునీటి విషయంలో పెద్ద అడుగు 1960ల్లో కాలిఫోర్నియాలోని తాహో సరస్సు దగ్గర పడింది. అక్కడి ప్లాంటులో బొగ్గు స్తంభాల పక్కనే కొలిమి కూడా కట్టారు. అరిగిపోయిన బొగ్గుని అందులో మళ్లీ కాల్చి, పట్టుకున్నదాన్ని వదిలించి, తిరిగి వాడేవాళ్లు. ఈ చరిత్ర మొత్తంలో నాకు నచ్చిన ఘట్టం ఇదే. ఎటు పోతుందన్న ప్రశ్నకి జవాబుని డిజైన్‌లోనే పెట్టుకున్నారు. అయితే కొలిమి ఖరీదు. ఇంధనం కావాలి, దాని పొగని కూడా కాల్చి శుభ్రం చేయాలి. డబ్బు ఆదా చేయాలనుకున్నప్పుడు మొదట మాయమయ్యేది కొలిమే.

ఇక మన దగ్గరికి వద్దాం. 1961లో ఏర్పడ్డ ఐడీపీఎల్ హైదరాబాద్‌లో మందుల ప్లాంటు పెట్టాక, చుట్టూ బల్క్‌డ్రగ్ పరిశ్రమ పెరిగింది. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో కంపెనీలు బారులు తీరాయి. వాటి నీళ్లు నక్కవాగులోకి, అక్కణ్నుంచి మంజీరవైపు పారాయి. బావులు చెడ్డాయి, పొలాలు చెడ్డాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. కంపెనీల నీళ్లన్నీ ఒకచోట చేర్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అలాంటి కేంద్రాల్లో ప్రధానంగా పనిచేసేది సూక్ష్మజీవులు. సూక్ష్మజీవుల్ని చంపడమే వృత్తిగా ఉన్న మందుల్ని వాటికే తినమని పెట్టడమన్నమాట.

ఫలితం 2007లో ప్రపంచానికి తెలిసింది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 కంపెనీల నీళ్లు అందుకునే ఆ కేంద్రం నుంచి *శుద్ధి చేసి* బయటికొదిలిన నీటిని పరీక్షించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ తర్వాతి కాలంలో ఈ నీళ్లని 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగరం మురుగులో కలిపి అంబర్‌పేట కేంద్రానికి, అక్కణ్నుంచి మూసీకి పంపే ఏర్పాటు జరిగింది. నక్కవాగు బాధ మూసీకి ఇల్లు మారింది. బొగ్గు అణువుల స్థాయిలో చేసే పనినే మనం జిల్లాల స్థాయిలో చేశాం.

మరి పటాన్‌చెరు లాంటి చోట్ల బొగ్గు పనికొస్తుందా? వస్తుంది. సూక్ష్మజీవులకి లొంగని మందుల అణువుల్ని చాలావరకు పట్టుకుంటుంది. కానీ ఉప్పుల్ని పట్టదు. నీళ్లలో ఇతర సేంద్రియ పదార్థాలు ఎక్కువుంటే పావెకరమంతా అవే ఆక్రమిస్తాయి. నిండాక సమయానికి మార్చకపోతే పట్టుకున్నదాంట్లో కొంత తిరిగి వదిలేస్తుంది కూడా. పైగా ఫార్మా కంపెనీ బొగ్గుని నీళ్ల దగ్గరే కాదు, లోవిట్స్ చేసినట్టే మందుకి రంగు విరగ్గొట్టడానికీ వాడుతుంది. మందుల తయారీలో మిగిలే వాడేసిన కార్బన్‌ని 2016 నాటి నియమాలు ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పేరుపెట్టి చేర్చాయి. దాన్ని దుండిగల్, పరవాడ లాంటి చోట్ల ఉన్న కేంద్రాలకి పంపాలి, లేదా సిమెంటు కొలుముల్లో కాల్చాలి. అంటే శుద్ధిలో అసలు పని బొగ్గు దగ్గర పూర్తవదు. బొగ్గు ఎక్కిన లారీ ఎక్కడ ఆగిందో అక్కడ తేలుతుంది.

మాది నిమ్మాడ. మా ఊరికి తూర్పున, ఉత్తరాన ఉన్నదంతా కొబ్బరి, జీడి దేశం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఆ చెట్లని నేలకి పడేసినా, ఉద్దానం అంటే ఇప్పటికీ కొబ్బరే. ప్రపంచంలో మేలురకం కార్బన్‌కి ముడిసరుకు ఇక్కడి ఇళ్లలో పొయ్యిలోకి పోతుంది. అదే ఉద్దానంలో కిడ్నీ జబ్బు వేలమందిని తినేసింది. దానికి ఇదీ కారణమని సైన్సు ఇంతవరకు తేల్చలేదు, కాబట్టి ఏ ఫ్యాక్టరీ మీదో తోసేయడం న్యాయం కాదు. కానీ కారణం తేలకముందే భయం తేలిపోయింది. ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. పొర ముందుండే సిలిండర్లో ఉండేది ఈ బొగ్గే. 2023 డిసెంబర్‌లో హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం మొదలైంది. నీళ్ల గురించి అడిగే హక్కు ఈ జనం ఊరికే సంపాదించుకోలేదు. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి తంపర కోసం థర్మల్ ప్లాంట్లకి అడ్డం నిలబడి పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇదే హైవే మీద దక్షిణంగా వెళ్తే పైడిభీమవరం ఫార్మా కంపెనీలొస్తాయి. రేపు జిల్లాలో ఎక్కడ కొత్త ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినా, రిపోర్టులో 'యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్' అనే మాట ఉండొచ్చు. వినగానే ధైర్యమొచ్చే మాట అది. కంప్యూటర్లతో పనిచేసేవాణ్ని కాబట్టి డిలీట్ నొక్కడం నాకు అలవాటే. రసాయనాలకి ఆ మీట లేదు. అందుకే ఆ రిపోర్టు చేతికొస్తే నేను మూడు లెక్కలు వెతుకుతాను. ఏడాదికి ఎన్ని కిలోల బొగ్గు కొంటారు? ఎన్నాళ్లకి మారుస్తారు? మార్చిన బొగ్గుని ఏ కొలిమికి, ఏ రసీదు మీద పంపుతారు? మూడోదానికి జవాబు లేకపోతే, ఆ ఫిల్టరు గెడ్డకి ఎంత దూరంలో ఉందో కూడా అడగాలి.